కనబడని మోటారు సైకిలు: ఒక ప్రసిద్ధ నివేదికపై విమర్శ

నాలుగు రోడ్ల కూడలిలో ఒక కారు, ఒక మోటారు సైకిలు ఢీకొన్నవి. జనము మూగినారు. కారు నడిపిన వాని నోట వెలువడు మొదటి మాట ఏ దేశమునందైనను, ఏ భాషయందైనను దాదాపు ఒకటియే: "నాకు కనబడలేదండీ!" విన్నవారిలో కొందరు దీనిని పచ్చి అబద్ధమని కొట్టివేయుదురు. మరికొందరు నిజమేనని నమ్మి, "ఆ కుర్రవాడు దీపము వేసికొనలేదు, నల్లచొక్కా తొడుగుకొన్నాడు" అని తప్పును క్రిందపడిన వాని నెత్తిన వేయుదురు. ఈ రెండును తొందరపాటు తీర్పులే. కనబడకపోవుట యనగా నేమి? అది కంటి దోషమా, మనస్సు దోషమా, కారు నిర్మాణములోని దోషమా?

ఈ ప్రశ్నను శ్రద్ధతో పరిశీలించిన గ్రంథములలో ముందుగా పేర్కొనదగినది 1981లో అమెరికాలో వెలువడిన ఒక నివేదిక. దానిని తయారుచేసిన హ్యారీ హర్ట్ అను ఆచార్యుని పేరిట అది హర్ట్ నివేదిక యని ప్రసిద్ధి చెందినది. మోటారు సైకిలు భద్రతను గూర్చి పలు దేశములలో నేటికిని చెప్పు పాఠములలో పెక్కింటికి మూలము అందు గలదు. ఇట్టి గ్రంథమును గౌరవించుట యనగా దాని మాటలను వల్లించుట కాదు, పరీక్షించి చూచుట. ఏది నిలిచినది, ఏది నిలువలేదు, మన రోడ్లకు ఎంతవరకు పనికివచ్చును అను మూడు ప్రశ్నలను ఇచట విచారింతము.

నివేదిక తయారైన తీరు

లాస్ ఏంజలీస్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన హర్ట్, ఆయన సహచరులు 1976, 1977 సంవత్సరములలో ఆ నగర ప్రాంతమున జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదములను స్వయముగా పరిశోధించిరి. కబురు అందినంతనే అచటికి వెళ్లి, చక్రముల జాడలు కొలిచి, వాహనములను పరీక్షించి, సాక్షులను ప్రశ్నించిరి. వీనికి తోడు 3,600 పోలీసు రిపోర్టులను గూడ విశ్లేషించిరి.

వారు చేసిన మరొక పని ఇంకను మెచ్చదగినది. ప్రమాదములు జరిగిన చోట్లకు, అదే వేళకు మరల వెళ్లి, సురక్షితముగా ఆ దారిన పోవుచున్న మోటారు సైకిళ్లను గమనించిరి. ఎందులకు? ప్రమాదమునకు గురియైన వారిలో నూటికి ఎనుబదిమంది దీపము వేసికొనలేదని తేలినదనుకొందము. ఆ అంకె ఒక్కటియే ఏమియు చెప్పదు. ప్రమాదము లేక పోయిన వారిలో గూడ ఎనుబదిమంది దీపము వేసికొననివారే యైనచో, దీపమునకును ప్రమాదమునకును సంబంధమే లేదన్నమాట. పోలిక లేనిదే కారణము తెలియదు. గణాంక శాస్త్రములోని ఈ ప్రథమ పాఠమును విద్యార్థులకు బోధింపదలచిన ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

వారి ఫలితములలో మనకు కావలసినవి ఇవి. ప్రమాదములలో సుమారు మూడు వంతులు, అనగా నాలుగింట మూడు, మరొక వాహనముతో ఢీకొన్నవి. ఆ వాహనము ఎక్కువగా కారే. అట్టి వానిలో మూడింట రెండు భాగములందు తప్పు ఎదుటి వాహనము నడుపువానిది. మోటారు సైకిలుకు దారి ఇయ్యవలసిన చోట అతడు ఇయ్యలేదు. దీనికి ప్రధాన కారణము మోటారు సైకిలును కనిపెట్టి గుర్తింపలేకపోవుటయే యని హర్ట్ తేల్చెను. పగటివేళ గూడ ముందు దీపము వేసికొనుట, పసుపు, నారింజ, కెంపు రంగుల మెరయు కోట్లు తొడుగుకొనుట ప్రమాదములను తగ్గించుచున్నవని గూడ చెప్పెను.

ఐరోపాలోని ఐదు దేశములలో 1999, 2000 సంవత్సరములందు 921 ప్రమాదములను ఇదే తీరున పరిశోధింపగా, వానిలో 36.6 శాతమునకు ప్రథమ కారణము ఎదుటి వాహనదారుడు మోటారు సైకిలును గమనింపకపోవుటయే యని తేలినది. కావున హర్ట్ చెప్పిన మూలవిషయము నిలిచినది. ఇక చిక్కులలోనికి పోదము.

ఒక మాటలో మూడు అర్థములు

మొదటి చిక్కు "కనబడలేదు" అను మాటలోనే ఉన్నది. ప్రమాదము జరిగిన పిమ్మట కారు నడిపినవాడు చెప్పు మాట అది. దాని వెనుక మూడు వేరువేరు సంగతులు దాగియుండవచ్చును. మోటారు సైకిలు అతని కంటికి అందకుండ ఏదో అడ్డుపడి యుండవచ్చును. కంటికి అందియు మనస్సునకు ఎక్కక పోయి యుండవచ్చును. లేదా అతడు దానిని చూచియు, "ఇంకను దూరముననే ఉన్నది, నేను దాటిపోగలను" అని పొరబడి యుండవచ్చును. హర్ట్ నివేదిక ఈ మూటిని తగినంతగా విడదీయలేదు. ఇదే దాని పెద్ద లోపము. విడదీయనిచో ఒక రోగమునకు ఇచ్చు మందును మూడు రోగములకును ఇచ్చినట్లగును.

అడ్డును గూర్చి ముందు చూతము. కారు ముందు అద్దమునకు ఇరుప్రక్కల కప్పును మోయు స్తంభములుండును. స్తంభము వెడల్పు 10 సెంటీమీటర్లు, అది కంటికి 70 సెంటీమీటర్ల దూరమున ఉన్నదనుకొందము. మనకు కన్నులు రెండు. వాని నడుమ దూరము సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. ఒక కంటికి మరుగైన చోటులో కొంత రెండవ కంటికి కనబడును. కాని స్తంభము ఆ దూరముకంటె వెడల్పైనది గనుక రెండు కన్నులకును మరుగైన చోటు కొంత మిగులును. సరూప త్రిభుజముల సహాయముతో లెక్కించినచో, 20 మీటర్ల దూరమున ఆ మరుగు వెడల్పు ఒక మీటరుకు కొంచెము ఎక్కువ యగును. ఎదురుగా వచ్చు కారు వెడల్పు సుమారు 1.8 మీటర్లు, దాని అంచు బయటికి కనబడును. మోటారు సైకిలు, దానిపై మనిషి కలిసి ముక్కాలు మీటరు మాత్రమే. ఆ మరుగులో సాంతముగా ఇమిడిపోవును. అంతేకాదు. రెండు వాహనములును ఒకే కూడలికి సరిసమానమైన వేళకు చేరబోవుచున్నప్పుడు, ఒకదాని నుండి చూడగా రెండవది కనబడు దిక్కు మారదు. అనగా ఢీకొనబోవు మోటారు సైకిలే స్తంభము వెనుక కదలక మెదలక నిలిచియుండును! ఇట్టి చోట ఏ రంగు కోటు, ఎంత వెలుగుగల దీపము మాత్రము ఏమి చేయగలదు?

రెండవది చూచియు గ్రహింపకపోవుట. మన రెటీనాలో సూక్ష్మమైన చూపునకు ఆధారమైన పచ్చచుక్క, దృశ్యములో సుమారు రెండు డిగ్రీల కోణమును మాత్రమే స్పష్టముగా చూపును. చేయి చాచి పట్టుకొన్న బొటనవ్రేలి వెడల్పు ఇంచుమించు అంతే. తక్కిన దృశ్యమునందు రూపురేఖలు మసకగా నుండును. అందుచేత కన్ను ఒకచోటి నుండి మరొక చోటికి చిన్నచిన్న గంతులు వేయును. గంతు వేయు క్షణమున చూపు అణగియుండును. తల త్రిప్పి రోడ్డును ఒక్కసారి కలయజూచినవాడు రోడ్డు నంతటిని చూచితినని నమ్మును. నిజమునకు అతడు చూచినవి రెండు మూడు ముక్కలు, తక్కినది మనస్సు పూరించినది. పూరించునప్పుడు మనస్సు తాను ఎదురుచూచు వస్తువులనే వెదకుకొనును. కార్లను, లారీలను వెదకు వానికి సన్నని మోటారు సైకిలు చెట్టు మొదలులో, విద్యుత్తు స్తంభములో కలిసిపోవును.

హర్ట్ నివేదికలోని ఒక వాక్యము ఇచట మిక్కిలి విలువైనది. కాని భిత్తిపత్రములు వ్రాయువారు దానిని తరుచు మరచినారు. మోటారు సైకిళ్లను ఢీకొన్న కార్ల వారు సామాన్యముగా ఆ వాహనముతో పరిచయము లేనివారు అని ఆయన వ్రాసెను. 2006లో ఇటలీ పరిశోధకులు ఐరోపా ప్రమాదముల వివరములనే తీసికొని పరిశీలించి, మోటారు సైకిలు లైసెన్సు గూడ గల కారు డ్రైవర్లు ఇట్టి ప్రమాదములకు బాధ్యులగుట తక్కువ యని కనుగొనిరి. వారికిని వీరికిని ఉన్నవి ఒకేవిధమైన కన్నులు. తేడా యంతయు ఏమి వెదకవలెనో తెలిసిన మనస్సులో నున్నది.

చిన్న వస్తువు మెల్లగా వచ్చినట్లు తోచుట

మూడవ సంగతి భౌతికశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించును. నేరుగా మనవైపు వచ్చు వస్తువు వేగమును మనము ఎట్లు తెలిసికొందుము? అది ప్రక్కకు కదలదు, పెద్దదగుచు వచ్చును. అది మన కంటియొద్ద ఏర్పరచు కోణము పెరుగు రేటే మనకు ఆధారము. కోణము చిన్నదైనప్పుడు ఆ రేటును తెలుపు సూత్రము సులభమైనది: వస్తువు వెడల్పును వేగముతో గుణించి, దూరము యొక్క వర్గముచే భాగింపవలెను.

మోటారు సైకిలు, కారు రెండును గంటకు 54 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకండునకు 15 మీటర్ల చొప్పున వచ్చుచు 60 మీటర్ల దూరమున ఉన్నవనుకొందము. రెండును నాలుగు సెకండ్లలో మనలను చేరును. కారు వెడల్పు 1.8 మీటర్లు గనుక దాని కోణము పెరుగు రేటు సెకండునకు 0.0075 రేడియనులు. మోటారు సైకిలు వెడల్పు 0.75 మీటరు గనుక దాని రేటు 0.0031 మాత్రమే. ఇక మనుష్యుని కన్ను గుర్తింపగల కనిష్ఠమైన రేటు సుమారు 0.003 అని ప్రయోగములు చెప్పుచున్నవి. అనగా కారు వచ్చుచున్నదని కన్ను గట్టిగా చెప్పు దూరమున, మోటారు సైకిలు కదలుచున్నదో నిలిచియున్నదో తేల్చుకొనలేక అది తడుముకొనుచుండును.

ఇది కాగితము మీది లెక్క మాత్రమే కాదు. 2005లో ఇంగ్లండులో జరిగిన ప్రయోగములలో, సమానమైన కాలములో చేరబోవు కారును, మోటారు సైకిలును చూపగా, మోటారు సైకిలు ఆలస్యముగా చేరునని చూపరులు భావించిరి. రాత్రివేళ ఈ చిక్కు ఇంకను పెరుగును. కారునకు ఒకటిన్నర మీటరు ఎడముగా రెండు దీపములుండును. ఆ ఎడము పెరుగుట చూచి వేగమును అంచనా కట్టవచ్చును. పదిహేను సెంటీమీటర్ల ఒంటిదీపము విషయమున ఆ రేటు పదవ వంతునకు పడిపోవును. 2012లో లండన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాయల్ హాలోవే కళాశాల పరిశోధకులు ఒంటిదీపమునకు ఇరుప్రక్కల రెండు చిన్న దీపములు చేర్చి మూడు దీపముల అమరిక నిర్మింపగా, వెలుతురు తక్కువైన వేళలందు వేగమును అంచనా కట్టుట మెరుగుపడినది.

ఇప్పుడు పాఠకులు ఒక విషయమును గమనింపవలెను. ప్రకాశవంతమైన దీపము మోటారు సైకిలు ఉన్నదని తెలుపును. అది ఎంత వేగముతో వచ్చుచున్నదో తెలుపుటకు ఒంటిదీపము చాలదు. "దీపము వేసికొన్నాను గనుక వానికి కనబడుచున్నాను, కనబడుచున్నాను గనుక వాడు ఆగును" అను తర్కములో మొదటి మెట్టు గట్టిది, రెండవ మెట్టు బోలు. ఆ బోలు మెట్టుమీద కాలుపెట్టి ప్రాణములు కోల్పోవుట జరుగుచున్నది. ప్రమాదము పొంచియున్నదని తెలిసిన పిమ్మట మోటారు సైకిలు వానికి చిక్కు వ్యవధి సామాన్యముగా రెండు సెకండ్లకు కొంచెము తక్కువ యని హర్ట్ నివేదికయే చెప్పుచున్నది. ఆ ప్రమాదములలో మధ్యస్థ వేగము గంటకు సుమారు 48 కిలోమీటర్లు. ఆ వేగమున రెండు సెకండ్లనగా 27 మీటర్లు. అందులో సగము, ఏమి చేయవలెనో తోచునంతలోనే కరిగిపోవును.

కోటు రంగు, కోటు తొడుగుకొన్నవాని స్వభావము

రెండవ విమర్శ రంగుల కోట్లకు సంబంధించినది. మెరయు కోటు తొడుగుకొనువాడు సాధారణముగా జాగ్రత్తపరుడు. అతడు వేగముగా పోడు, త్రాగి నడపడు. ప్రమాదములు తగ్గినది కోటు వలననా, స్వభావము వలననా? కోట్లను మాత్రము లెక్కించినచో ఈ రెంటిని విడదీయుట సాధ్యము కాదు.

ఈ విషయమున న్యూజీలాండులోని ఆక్లండు నగరమున జరిగిన పరిశోధన ఒక మెట్టు ముందుకు పోయినది. 1993 నుండి 1996 వరకు గాయపడిన లేక మరణించిన 463 మంది మోటారు సైకిలు వారిని, ప్రమాదము లేక ఆ రోడ్లపై తిరిగిన 1,233 మందిని పోల్చి, వయస్సు, అనుభవము మొదలగు భేదములను లెక్కలో సరిచూచిరి. 2004లో ప్రకటించిన ఫలితములు ఇవి: వెలుగును ప్రతిఫలింపజేయు లేక తళతళ మెరయు దుస్తులు ధరించిన వారికి ప్రమాదము 37 శాతము తక్కువ, నల్ల హెల్మెట్టుతో పోల్చినచో తెల్ల హెల్మెట్టు వారికి 24 శాతము తక్కువ, పగలు దీపము వేసికొన్న వారికి 27 శాతము తక్కువ. కాని దుస్తుల ముందుభాగపు సాధారణ వర్ణమునకు, మోటారు సైకిలు రంగునకు ప్రమాదముతో సంబంధమేమియు కనబడలేదు. సామాన్యమైన పసుపు చొక్కాకును వెలుగు చిమ్ము పట్టీల కోటుకును ఎంత భేదమున్నదో దీనివలన తెలియుచున్నది.

దీనికి కారణము ఊహింపదగినదే. వస్తువు కనబడుట దాని రంగు వలన కాక, ఆ రంగునకును వెనుకనున్న దృశ్యమునకును గల వ్యత్యాసము వలన జరుగును. తెల్లగోడ ముందు తెల్లకొంగ కనబడదు. 2012లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఇదే విషయమును పరీక్షించిరి. దుకాణములు, పలకలు, పలురంగుల వాహనములు నిండిన పట్టణపు వీధిలో తెల్లని దుస్తులు, ప్రతిఫలించు దుస్తులు బాగుగ కనబడినవి. వెనుక ప్రకాశవంతమైన ఆకాశము తప్ప మరేమియు లేని ఊరి వెలుపలి రోడ్డుపై నల్లదుస్తులే మేలుగ కనబడినవి! కావున "ఈ రంగు తొడుగుకొనుము, క్షేమముగా నుందువు" అని అన్ని చోట్లకును ఒకే మాట చెప్పుట శాస్త్రసమ్మతము కాదు.

మన రోడ్లకు ఎంతవరకు?

పరదేశపు పాఠమును మనకు అన్వయించునప్పుడు మొదట సరిదిద్దవలసినది చిన్న విషయమే గాని ప్రాణాంతకమైనది. అమెరికాలో వాహనములు రోడ్డునకు కుడివైపున నడచును. కావున ఎదురుగా వచ్చు కారు ఎడమకు మళ్లుచు మోటారు సైకిలు దారికి అడ్డుపడుట ఆ నివేదికలో ముఖ్యమైన ప్రమాదరీతి. మనము ఎడమవైపున నడతుము. మనకు అది కుడివైపు మలుపు. ఆ పుస్తకములను చూచి పాఠము వ్రాయువారు "ఎడమ" అను మాటను ఉన్నదున్నట్లు దింపరాదు.

అంతకంటె పెద్ద భేదము మరొకటి కలదు. లాస్ ఏంజలీస్‌లో కార్ల నడుమ మోటారు సైకిలు అరుదు. అందుచేతనే దానిని ఎవరును ఎదురుచూడరు. మన దేశమున రిజిస్టరైన వాహనములలో అధిక భాగము ద్విచక్ర వాహనములే. ప్రతి డ్రైవరునకును అవి సుపరిచితములు. ఐనను కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో రోడ్డు ప్రమాదములందు మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనములపై పోవువారు. పరిచయము లేకపోవుట ఒక్కటియే కారణమైనచో ఇట్లుండరాదు. కావున స్తంభముల మరుగు, లారీల, బస్సుల ప్రక్కనుండు కనబడని చోట్లు, వేగమును తక్కువగా అంచనా కట్టుట, తప్పుదారిన ఎదురు వచ్చు అలవాటు, హెల్మెట్టు లేకపోవుట మొదలగు వానిని మనము మన రోడ్ల మీదనే పరిశోధింపవలసి యున్నది. లాస్ ఏంజలీస్ జాబితాను మన జాబితాగా తీసికొనరాదు.

దీపము విషయమున మనకు దగ్గరి ఉదాహరణము మలేషియా. అచట గూడ చిన్న మోటారు సైకిళ్లు విస్తారము. 1992లో ఆ దేశము పగటివేళ దీపము వేసికొనుమని ప్రచారము చేసి, చట్టము గూడ తెచ్చినది. సెరెంబాన్, షా ఆలం పట్టణముల లెక్కలను పరిశీలించి 1996లో ప్రకటించిన ఒక పరిశోధన, కనబడకపోవుటకు సంబంధించిన మోటారు సైకిలు ప్రమాదములు సుమారు 29 శాతము తగ్గినవని తేల్చినది. మన దేశమున 2017 ఏప్రిల్ 1 నుండి తయారైన కొత్త ద్విచక్ర వాహనములకు ఇంజను నడచునంతసేపు ముందు దీపము తనంతట తానే వెలిగియుండవలెనను నియమము అమలులోనికి వచ్చినది. "పగటిపూట దీపమేమిటి, దండుగ!" అని తొలిదినములలో నవ్వినవారు కలరు. మలేషియా అనుభవమును బట్టి చూడగా ఆ నవ్వు తగదు. దీపము మంచిదే.

కాని దాని బలము అందరి దీపములును ఆరియున్నప్పుడు ఎక్కువ. ఐరోపాలో 2011 నుండి కొత్త నమూనా కార్లకు గూడ పగటి దీపములు తప్పనిసరి యైనవి. 2012లో ఫ్రాన్సులో జరిగిన ప్రయోగములలో, కార్లన్నియు దీపములతో నున్నప్పుడు మోటారు సైకిలును కనిపెట్టుట తగ్గినది. తారల నడుమ ఒక తార వంటిది అది. ఆ పరిశోధకులే మోటారు సైకిలుకు పసుపుపచ్చని దీపము పెట్టి చూడగా కొంత మేలు కనబడినది. ఏ గుర్తునకైనను విలువ అది ఒకరికే చెందియున్నంత కాలమే.

ఎవరికి చెప్పవలసిన పాఠము?

ఇక చివరి విమర్శ నివేదికపై గాక, దానిని వాడుకొన్న వారిపై. హర్ట్ లెక్కల ప్రకారము ప్రమాదములలో నాలుగింట మూడు మరొక వాహనముతో జరిగినవి. వానిలో మూడింట రెండు ఎదుటివాని తప్పు. ఈ రెండు భిన్నములను గుణించినచో సగము వచ్చును. అనగా మొత్తము ప్రమాదములలో సుమారు సగము మాత్రమే ఎదుటివాని తప్పు వలన కలిగినవి. తక్కిన సగములో మోటారు సైకిలు వాని స్వంత తప్పులు, రోడ్డు దోషములు మొదలగునవి కలవు. మరణించిన ప్రమాదములలో దాదాపు సగమునందు మద్యపు జాడ ఉన్నదని ఆ నివేదికయే చెప్పుచున్నది. కావున "మాకు ఏ తప్పును లేదు, కార్లవారే చూడరు" అని మోటారు సైకిలువారు ఈ నివేదికను డాలుగా పట్టుకొనుట తగదు.

అట్లే తప్పు ఎదుటివానిదైన ఆ సగమునకు మనము సూచించు మందు ఎవరికి? దీపము వేసికొనుము, మెరయు కోటు తొడుగుకొనుము, తెల్ల హెల్మెట్టు పెట్టుకొనుము: ఇవన్నియు క్రింద పడువానికి చెప్పు మాటలే. తప్పుచేయు వానికి చెప్పు మాట ఏది? కారు నడుపుట నేర్పువారిలో ఎందరు స్తంభము వెనుకకు తొంగిచూడుమని చెప్పుచున్నారు? సన్నని వాహనము కన్నునకు తోచినదానికంటె త్వరగా వచ్చునని ఎందరు చెప్పుచున్నారు? కనబడుట ఇద్దరి పని. ఒకడు వెలుగు చూపవలెను, ఒకడు దానిని వెదకవలెను. రెండవ వానిని వదలిపెట్టి మొదటి వానికే పాఠములు చెప్పుట సగము బోధన మాత్రమే. అంతేకాదు, ఏదైన జరిగినప్పుడు "కోటు ఏది? దీపము ఏది?" అని గాయపడిన వానినే నిలదీయుటకు దారి చూపును. ఆ సాయంకాలము ఇంటికి తిరిగిరాని కొడుకు కొఱకు ఏడ్చు తల్లికి ఇంతకంటె క్రూరమైన ప్రశ్న లేదు.

పాఠశాలలో ఈ విషయమును చెప్పుటకు పరికరములు అక్కరలేదు. పది సెంటీమీటర్ల వెడల్పుగల అట్టముక్కను ఒక విద్యార్థి కన్నులకు 70 సెంటీమీటర్ల దూరమున నిలువుగా పట్టుకొనవలెను. ఇరువది మీటర్ల దూరమున మరొక విద్యార్థి నిలువవలెను. రెండు కన్నులు తెరచియున్నను ఆ విద్యార్థి మాయమగును. అట్టముక్కను కదల్చక, తలను ఒక పదిహేను సెంటీమీటర్లు ప్రక్కకు జరిపినంతనే అతడు మరల ప్రత్యక్షమగును. ఏలయన కన్ను పదిహేను సెంటీమీటర్లు జరిగినచో ఆ దూరమున మరుగు నాలుగు మీటర్లకు పైగా జరిగిపోవును. ఒక్కసారి ఇది చూచిన పిల్లవాడు పెద్దయై కారు నడుపునాడు కూడలిలో తల ముందుకు, ప్రక్కకు వంచి రెండవసారి చూడక మానడు. అదే పిల్లవాడు మోటారు సైకిలు నడుపునాడు, ఎదుటివాడు తనవైపు తిరిగి చూచినంత మాత్రమున తనను చూచెనని నమ్మక, కూడలికి ముందే వేగము తగ్గించి, బ్రేకుపై వ్రేళ్లుంచి సాగును.

మొత్తముమీద హర్ట్ నివేదిక గొప్పది. ప్రమాదమును విధి చేతిలో నుండి తీసి కొలబద్ద చేతికి ఇచ్చిన గ్రంథములలో అది ఒకటి. పోలిక లేనిదే తీర్పు లేదని అది చూపినది. కనబడకపోవుట నిజమైన కారణమని స్థాపించినది. కనబడకపోవుటను ఒకే ముక్కగా చూచుట దాని లోపము. దాని మందును అన్ని చోట్లకును, ఒక పక్షమునకే ఇచ్చుట మన లోపము. మన కూడలులలో, మన లారీల నడుమ, మన ఎండలో, మన దుమ్ములో ఇట్టి పరిశోధన జరిగి, దాని ఫలితములు కారువానికిని మోటారు సైకిలు వానికిని సమానముగా బోధింపబడు వరకు ఆ గ్రంథము ప్రారంభించిన పని పూర్తికానట్లే.